ఎవరి గుండెకు నమూనా?

గుండె కవాటాన్ని కంప్యూటర్‌లో లెక్కలతో నిర్మించి, చేయబోయే శస్త్రచికిత్సను ముందుగా ఆ లెక్కల్లోనే చేసి చూసుకోవడం ఈనాడు సాధ్యమైంది. రోగి గుండె చిత్రాలను తీసుకొని, కవాటం రెక్కల ఆకారాన్ని కొలిచి, రక్తం వాటి మధ్యగా ఎలా పారుతుందో, రెక్కల మీద ఎంత ఒత్తిడి పడుతుందో సమీకరణాల ద్వారా కనుక్కుంటారు. ఎక్కడ కోస్తే, ఎక్కడ కుట్టు వేస్తే ఏమి జరుగుతుందో కత్తి పట్టకముందే కొంతవరకు తెలుసుకోవచ్చు. మానవుని మేధ సాధించిన గొప్ప విజయాలలో ఇది ఒకటి. దీన్ని చూసి అబ్బురపడడం తప్పు కాదు. కాని అబ్బురపడి ఊరుకుంటే విమర్శకుని పని పూర్తి కాదు. ఏ గుండెను నమూనాగా తీసుకున్నారు, ఏ జబ్బును సమస్యగా ఎంచుకున్నారు, ఫలితం ఎవరి చేతికి అందింది? ఈ ప్రశ్నలు వేయకుండా ఈ విజ్ఞానాన్ని అర్థం చేసుకోలేము.

ఈ ప్రశ్నలను మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో నిలబడి వేయదలచాను. దానికి కారణం ఉన్నది. మన దేశంలో వైద్యం ఆసుపత్రి గోడలు దాటివచ్చి జనాన్ని లెక్కించడం నేర్చుకున్న చోట్లలో మదనపల్లె ఒకటి. ఐతే అక్కడ లెక్కించినది గుండె జబ్బును కాదు, క్షయను. ముందు ఆ కథ చెప్పుకుంటే గుండె కథ తేలికగా బోధపడుతుంది.

1

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం 1915లో ప్రారంభమైంది. డెన్మార్క్ దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ దాన్ని దీర్ఘకాలం నడిపించాడు. ఆనాటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనుక్కున్నది 1943లో. పొడి గాలి, మంచి తిండి, విశ్రాంతి, కొందరికి ఛాతీ శస్త్రచికిత్స, అంతే ఆనాటి వైద్యం. అది మిషనరీ సంస్థ కాబట్టి దానికి మత ప్రయోజనాలు ఉన్నాయనీ, వలస పాలన నీడలో పెరిగిందనీ ఎవరైనా అనవచ్చు. రెండూ నిజమే. కాని ఒక సంస్థ ఎలా పుట్టిందన్నది ఒక ప్రశ్న, అది చేసిన పని ఏమిటన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండవదాన్ని కొట్టివేయడం చారిత్రక దృష్టి అనిపించుకోదు.

శానిటోరియంలో ఎన్ని మంచాలు వేసినా ఊళ్లలో జబ్బు తగ్గదు. మంచం దాకా రాగలిగినవాడు ఒకడైతే, రాలేక ఇంట్లోనే దగ్గుతూ ఉండిపోయేవాళ్లు అనేకులు. ఈ సత్యమే ఆరోగ్యవరం వైద్యులను బయటికి నడిపించింది. మన దేశంలో బి.సి.జి. టీకాలు 1948 ఆగస్టులో మదనపల్లెలో మొదలైనాయి. ఆ తరువాత క్రిస్టియన్ కుమారుడు యొహానెస్ ఫ్రిమోట్-మొల్లర్ నాయకత్వాన మదనపల్లె పట్టణంలోనూ చుట్టుపట్ల పల్లెల్లోనూ జనానికి ఎక్స్‌రేలు తీశారు, కఫం పరీక్షించారు, ఏళ్ల తరబడి వెంటబడి లెక్కలు రాసుకున్నారు. 1950-55 మధ్య జరిగిన ఆ పరిశీలన 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడింది. అంతవరకు పేదవాడు ఆసుపత్రి మెట్లెక్కితేనే లెక్కలోకి వచ్చేవాడు. ఇప్పుడు తన ఊళ్లో, తన గుడిసెలో ఉండగానే లెక్కలోకి వచ్చాడు.

పరిణామాలు వేగంగా సాగాయి. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం 1959లో ఒక విషయం రుజువు చేసింది: శానిటోరియంలో మందు తీసుకున్నవారికీ, ఇంటి దగ్గర మందు తీసుకున్నవారికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే ఏడు బెంగుళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ పనితో సంబంధమున్న వాలర్, గెసర్, ఆండర్సన్ అనే ముగ్గురు 1962లో క్షయవ్యాప్తికి గణిత నమూనాను ప్రకటించారు. జనాన్ని జబ్బు సోకనివారు, సోకినవారు, జబ్బుపడినవారు అని విభజించి, ఒక వర్గం నుంచి మరొక వర్గంలోకి ఏటా ఎందరు మారుతారో సమీకరణాలలో పెట్టి, టీకా వేస్తే రానున్న ఏళ్లలో ఏమవుతుంది, చికిత్స ఇస్తే ఏమవుతుంది అని లెక్కించే పద్ధతి అది. మదనపల్లె వంటి చోట్ల ఊరూరా లెక్కలు తీసే సంప్రదాయం ఏర్పడి ఉండకపోతే అటువంటి నమూనా ఊహాగానంగానే మిగిలేది.

1963లో బెనర్జీ, ఆండర్సన్ తుముకూరు జిల్లాలో చేసిన పరిశీలన మరొక భ్రమను పటాపంచలు చేసింది. పల్లెటూరి క్షయరోగి అజ్ఞాని, తన జబ్బు తనకే తెలియదు, కాబట్టి ముందు అతనికి జ్ఞానోదయం కలిగించాలి అని పట్నపు పెద్దలు అనేవారు. తీరా అడిగి చూస్తే, రోగుల్లో ఎక్కువమందికి తమ ఒంట్లో బాగోలేదని తెలుసు. సుమారు సగం మంది అప్పటికే వైద్యం కోసం వెళ్లినవారే. దగ్గుమందు సీసా చేతికిచ్చి పంపివేశారు! అజ్ఞానం రోగిది కాదు, వైద్యవ్యవస్థది.

ఈ కథలో మనం గుర్తుంచుకోవలసినది ఇది. ఆ నమూనాలో పల్లెజనం ఉన్నారు. ఏది ఎక్కువమందిని కాపాడుతుంది అనే ప్రశ్నకు జవాబు కోసమే దాన్ని నిర్మించారు. ఆ జవాబు శానిటోరియం ప్రతిష్ఠను తగ్గించేదే ఐనా, శాస్త్రం దాన్ని చెప్పక మానలేదు.

2

ఇక గుండె సంగతి చూద్దాం. గుండెలో నాలుగు కవాటాలున్నాయి. రక్తాన్ని ముందుకు పోనిచ్చి వెనక్కు రానివ్వకపోవడం వాటి పని. నిమిషానికి 72 సార్లు చొప్పున కొట్టుకునే గుండెలో ప్రతి కవాటం ఏడాదికి సుమారు 3 కోట్ల 78 లక్షల సార్లు తెరుచుకొని మూసుకుంటుంది. ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉన్న మిట్రల్ కవాటానికి రెండు రెక్కలు. ఆ రెక్కల అంచులను సన్నని తంత్రులు కింది గది గోడలకు బిగించి పట్టుకుంటాయి. ఆరోగ్యవంతుని గుండెలో ఈ ద్వారం తెరుచుకున్నప్పుడు 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది.

ఈ ద్వారాన్ని మూసివేసే జబ్బు గొంతునొప్పితో మొదలవుతుంది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి పసిపిల్లల గొంతులో చేరుతుంది. దానిపై యుద్ధం చేసే శరీరం, కొందరిలో, పొరబడి తన కీళ్లమీదా తన గుండెమీదా దాడి చేస్తుంది. అదే రుమాటిక్ జ్వరం, తెలుగులో కీళ్లవాత జ్వరం. కీళ్ల వాపు తగ్గిపోతుంది. గుండె కవాటం మాత్రం పాడవుతుంది. జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ రెక్కలు మందమెక్కుతాయి, అంచులు అతుక్కుపోతాయి, తంత్రులు కురచబడతాయి. చివరికి ఆ ద్వారం చిన్న సందుగా మారుతుంది. నాలుగడుగులు నడిస్తే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం. ప్రపంచంలో నేటికీ 4 కోట్ల మందికి పైగా ఈ జబ్బుతో బతుకుతున్నారు.

పాశ్చాత్య వైద్యగ్రంథాల ప్రకారం జ్వరానికీ ద్వారం ముడుచుకుపోవడానికీ మధ్య దశాబ్దాలు పట్టాలి. కాని మన దేశంలో ఇరవై ఏళ్లు నిండని పిల్లల్లోనే కవాటం ముడుచుకుపోవడం కనిపించింది. ఈ సంగతిని ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన సుజయ్ రాయ్, ఆయన సహచరులు 1963లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఆ వ్యాసకర్తలలో మన శ్రీకాకుళంలో పుట్టిన ఉలిమిరి రామలింగస్వామి ఒకరు. సూక్ష్మజీవి ఒకటే, కవాటం ఒకటే. జబ్బు నడక మాత్రం దేశాన్ని బట్టి మారింది. ఇది వైద్యశాస్త్రం ఒక్కటే విప్పగల చిక్కు కాదు. సూక్ష్మజీవికి వర్గభేదం లేకపోవచ్చు. ఒక గదిలో ఎనిమిది మంది పడుకునే ఇంటికీ, ఒక్కొక్కరికి ఒక్కొక్క గది ఉన్న ఇంటికీ భేదం ఉన్నది. డెన్మార్క్‌లో పెన్సిలిన్ రాకముందే కీళ్లవాత జ్వరం తగ్గుముఖం పట్టింది. ఇళ్లు విశాలమైనాయి, తిండి మెరుగుపడింది. ఆరోగ్యవరానికి వైద్యుణ్ణి పంపిన దేశం తన పిల్లల గుండెలను చాలావరకు ఇళ్లు కట్టి కాపాడుకున్నది.

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేసే ఇళ్లు చూసినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. ఇంటిలో మంచి భాగాన్ని మగ్గం ఆక్రమిస్తుంది. మనుషులు మిగిలిన జాగాలో సర్దుకుంటారు. పుంగనూరు, కుప్పం పల్లెల్లో బెంగుళూరు పనులకు వలసపోయే కుటుంబాలు అక్కడ రేకుల షెడ్లలో కిక్కిరిసి ఉంటాయి. ఇటువంటి ఇళ్లలో ఒక పిల్లవాడి గొంతునొప్పి ఒక పిల్లవాడితో ఆగదు.

కవాటం పాడైన తరువాత ఈ ప్రాంతపు రోగి దారి ఊరు దాటిపోతుంది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1940ల చివర రీవ్ బెట్స్ ఛాతీ శస్త్రచికిత్సా విభాగాన్ని నెలకొల్పాడు. 1961లో అక్కడ గుండెను తెరచి శస్త్రచికిత్స చేశారు. 1991లో పుట్టపర్తి ఆసుపత్రి, 1993లో తిరుపతిలో స్విమ్స్ వచ్చాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేదవాడి గుండె ఆపరేషన్ ఖర్చును ప్రభుత్వం చేత భరింపజేసింది. ఇవన్నీ మేలు చేసినవే, కాదనలేము. ఐతే ఆపరేషన్ ఒక్కరోజు పని. ఆ తరువాత రోగి బతకవలసిన బతుకు ఏమిటి? దానికి జవాబు చెప్పుకోవాలంటే గణితం దగ్గరికి వెళ్లాలి.

3

కవాటాన్ని నమూనా చేసి చూడాలన్న కోరిక కొత్తది కాదు. సుమారు 1513లో లియోనార్డో డావిన్సీ గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని మొదలును గాజుతో చేసి, నీళ్లలో గడ్డి విత్తనాలు వేసి ప్రవాహాన్ని గమనించే ఉపాయం రాసుకున్నాడు. కవాటం వెనుక ఉండే ఉబ్బులలో సుడులు తిరిగే రక్తం రెక్కలు మూసుకోవడానికి తోడ్పడుతుందని ఊహించాడు. నాలుగున్నర శతాబ్దాల తరువాత, 1960ల చివర, ప్రయోగశాలలో ఆ ఊహకు బలం చేకూరింది.

రోగి మంచం దగ్గరికి లెక్కను తెచ్చినది 1951లో గార్లిన్ సూత్రం. కవాటానికి ఇరువైపులా ఒత్తిడిలో ఉన్న తేడా, దాని గుండా పారే రక్తం పరిమాణం తెలిస్తే ద్వారం ఎంత వైశాల్యమో చెప్పవచ్చు. దీని మూలం పాత జలశాస్త్రం. చెరువు తూములో ఎంత నీరు పారుతుందో లెక్కగట్టే తర్కమే గుండెకు వర్తించింది. ఛాతీ తెరవకుండానే ద్వారం ఎంత ఇరుకైనదో వైద్యునికి తెలిసింది.

ఐతే తూముకు రెక్కలుండవు. కవాటం రెక్క రక్తాన్ని తోస్తుంది. రక్తం రెక్కను తోస్తుంది. రెండింటి కదలికా ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉన్నది. ద్రవాల కదలికను చెప్పే సమీకరణాలను నేవియర్, స్టోక్స్ 19వ శతాబ్దంలోనే రాశారు. కాని కదులుతూ, వంగుతూ ఉండే రెక్క మధ్యలో ఉంటే వాటిని సాధించడం ఎలా? 1972లో అమెరికాలో చార్లెస్ పెస్కిన్ దీనికి దారి కనిపెట్టాడు. రక్తాన్ని చదరంగపు గళ్ల వంటి గళ్లుగా విభజించాడు. రెక్కను ఆ గళ్లలో మునిగి తేలే సాగే దారాలుగా భావించాడు. దారం ఎంత సాగితే చుట్టూ ఉన్న ద్రవంపై అంత బలం ప్రయోగిస్తుంది. ద్రవం ఎటు పారితే దారం అటు పోతుంది. క్షణంలో చిన్న అంశానికి ఒకసారి ఈ లెక్క తిరిగి తిరిగి వేస్తుంటే కంప్యూటర్‌లో కవాటం తెరుచుకొని మూసుకున్నది. ఆ తరువాత పెస్కిన్, మెక్‌క్వీన్ కలిసి గుండెనంతటినీ దారాల అల్లికగా నిర్మించారు. 1994లో కవాటపు రెక్కలో నారలు ఏ అమరికలో ఉంటే బరువును సమంగా మోయగలవో సమీకరణాల నుంచే రాబట్టారు. పడుగు ఎంత బిగువుండాలో చేతివేళ్లతో తెలిసిన నీరుగట్టువారిపల్లె నేతగాడికి ఈ శాస్త్రం మనం అనుకునేంత పరాయిది కాదు.

1993లో కున్‌జెల్మన్, ఆమె సహచరులు మిట్రల్ కవాటాన్ని చిన్న చిన్న ముక్కల కూర్పుగా లెక్కించి, ఏ ముక్క మీద ఎంత ఒత్తిడి పడుతుందో చూపారు. తంత్రి తెగితే ఏమవుతుంది, వలయం కుడితే ఏమవుతుంది అని అడిగే వీలు దానితో కలిగింది. 2018 నాటికి ఇటువంటి లెక్కలను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చే ప్రమాణాన్ని అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ప్రచురించింది. అంటే లెక్క ఇప్పుడు ప్రయోగశాల వేడుకగా లేదు. వైద్య పరికరాన్ని ఆమోదించే చోట సాక్ష్యం చెబుతున్నది.

4

సాక్ష్యం చెప్పేవాడు నిజం చెప్పినా, వినేవాడికి లాభమే ముఖ్యమైతే ఏమవుతుంది? కృత్రిమ కవాటాల చరిత్రలో దీనికి జవాబు ఉన్నది.

1960లో అమెరికాలో శస్త్రవైద్యుడు స్టార్, ఇంజనీరు ఎడ్వర్డ్స్ కలిసి పంజరంలో బంతి వంటి కవాటాన్ని రోగికి అమర్చి విజయం సాధించారు. తరువాత వంగి తిరిగే బిళ్ల కవాటాలు వచ్చాయి. వాటిలో ఒక రకం బియోర్క్-షైలీ కుంభాకార-పుటాకార కవాటం. 1979 నుంచి 1986 వరకు అమ్మిన ఆ కవాటాలను ప్రపంచంలో సుమారు 86,000 మందికి అమర్చారు. బిళ్లను పట్టి ఉంచే లోహపు కమ్మీలలో ఒకదాన్ని చట్రానికి వెల్డింగు చేసి అతికించేవారు. ఆ అతుకు దగ్గర కమ్మీ విరిగేది. విరిగితే బిళ్ల ఊడిపోయేది. ఆరువందలకు పైగా కవాటాలు అలా విరిగాయి. వారిలో అత్యధికులు మరణించారు. విరుగుళ్లు బయటపడిన తరువాత కూడా ఏళ్ల తరబడి అమ్మకం సాగింది. 1990లో అమెరికా ప్రతినిధుల సభ సంఘం దీనిపై వెలువరించిన నివేదిక శీర్షికలోనే "సంపాదిస్తూ నేర్చుకోవడం" అనే అర్థం వచ్చే మాటను పెట్టింది. పెట్టుబడికి ఇంతకంటే చక్కని నిర్వచనాన్ని మనవాళ్లు కూడా ఇవ్వలేరు.

ఇదే కాలంలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వాన మరొక ప్రయత్నం సాగింది. విదేశీ కవాటం కొనలేని దేశంలో స్వదేశీ కవాటం తయారుచేయాలన్నది వారి సంకల్పం. మొదటి మూడు నమూనాలు పరీక్షల్లో నిలవలేదు. వారు అమ్మకం మొదలుపెట్టి నేర్చుకోలేదు. మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టి నేర్చుకున్నారు. నాలుగవ నమూనాలో చట్రాన్నీ కమ్మీలనూ ఒకే లోహపు దిమ్మె నుంచి చెక్కారు, అతుకన్నదే లేదు. బిళ్లను గట్టి పాలిథిలీన్‌తో చేశారు. 1990 డిసెంబరులో దాన్ని మొదటి రోగికి అమర్చారు. తరువాత లక్షకు పైగా రోగులకు అది అందింది, దిగుమతి కవాటాలకంటే బాగా తక్కువ ధరకు. తయారీ ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారన్న మాట నిజమే. దానిపై చర్చ ఉండవచ్చు. కాని ప్రజాధనంతో, ప్రజావసరం నుంచి పుట్టిన శాస్త్రానికీ, మార్కెట్ నుంచి పుట్టిన శాస్త్రానికీ మధ్య తేడా ఆ ఒక్క వెల్డింగు అతుకులో కనిపిస్తుంది.

5

ఇప్పుడు మన రోగి దగ్గరికి తిరిగి వద్దాం. పుంగనూరు దగ్గరి పల్లెలో ఇరవై ఏళ్ల యువతి ఉన్నదనుకోండి. మిట్రల్ కవాటం పాడైంది. రెక్కలు ఇంకా మెత్తగా ఉంటే అదృష్టమే. 1982లో జపాన్ వైద్యుడు ఇనోయె ప్రవేశపెట్టిన పద్ధతిలో, తొడ దగ్గరి రక్తనాళం నుంచి బుడగను పంపి అతుకులను విడదీయవచ్చు. ఆ దశ దాటిపోతే ఏమిటి?

లోహపు కవాటం అమరిస్తే జీవితాంతం వార్ఫరిన్ మింగాలి. మందు తగ్గితే కవాటం మీద రక్తం గడ్డకడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం. మోతాదు సరిచూసుకోవడానికి మాటిమాటికీ రక్తపరీక్ష. పరీక్షకు పట్నం పోవాలి. పోతే ఆరోజు కూలి పోతుంది. గర్భం వస్తే మరొక గండం: మందు మింగితే బిడ్డకు ప్రమాదం, మానితే తల్లికి ప్రమాదం. పశువు గుండె పొరతో చేసిన కవాటం అమరిస్తే వార్ఫరిన్ బాధ చాలావరకు తప్పుతుంది. కాని చిన్నవయసు వారిలో అది త్వరగా సున్నమెక్కి పాడవుతుంది. అప్పుడు రెండవసారి ఛాతీ తెరవాలి. రెండు దారులూ ధనికుడికి అసౌకర్యాలు; కూలిమనిషికి ప్రాణాంతకాలు.

మూడవ దారి తన కవాటాన్నే బాగుచేయడం. అతుక్కున్న అంచులు విడదీసి, మందమెక్కిన పొరను ఒలిచి, కురచబడ్డ తంత్రులను సరిచేసి, రెక్కలు మళ్లీ కలిసేలా కుట్టడం. ఇది నిలిస్తే ఆ యువతికి మందుల చెర లేదు. కాని కీళ్లవాతంతో పాడైన కవాటాన్ని బాగుచేయడం చాలా కష్టమైన విద్య. ఎంత ఒలవాలి, ఎక్కడ ఆపాలి, ఇప్పుడు కుట్టినది పదేళ్ల తరువాత ఏమవుతుంది అన్నది శస్త్రవైద్యుని అనుభవంపైనే ఆధారపడి ఉన్నది. సరిగ్గా ఇక్కడే కంప్యూటర్ నమూనా అక్కరకు రావాలి. చేయి తిరిగిన నిపుణుల విద్యను ఎందరో యువ వైద్యులకు అందించగల సాధనం అది కావాలి.

కాని ఎక్కువ పరిశ్రమ ఎటు సాగింది? ముసలితనంతో సున్నమెక్కిన ధమని కవాటం వైపు. 2002లో ఫ్రాన్సులో క్రిబియే ఛాతీ తెరవకుండా ఆ కవాటాన్ని అమర్చినప్పటి నుంచి ఖరీదైన ఆ పరికరాల చుట్టూ లెక్కల పరిశ్రమ ఒకటి పెరిగింది. మిట్రల్ కవాటం నమూనాల్లో ఎక్కువ భాగం తంత్రి సాగి రెక్క జారే జబ్బుకు సంబంధించినవి. సంపన్న దేశాల ఆసుపత్రుల్లో కనిపించేది అదే. రెక్క ఎంత సాగుతుంది, ఎంత బిగువు అనే అంకెలు తరచు పంది కవాటాలను కొలిచి తీసుకున్నవి. కీళ్లవాతంతో గట్టిపడిన ఇరవై ఏళ్ల గుండె అందులో ఎక్కడో గాని లేదు. ఇది ఎవరి కుట్రా కాదు. శాస్త్రజ్ఞుడు తనకు దొరికిన గుండెను కొలుస్తాడు. డబ్బు వచ్చే ప్రశ్నను అడుగుతాడు. మన గుండెను ఎవరూ కొలవలేదు, మన ప్రశ్నకు ఎవరూ డబ్బివ్వలేదు. అందుకే ఎంత గొప్ప కంప్యూటర్‌కైనా మన గుండె తెలియదు.

కుప్పానికి కంప్యూటర్లు రాకపోలేదు. 2002లో ఒక అమెరికన్ కంపెనీ, హ్యూలెట్ ప్యాకర్డ్, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో మూడేళ్ల పథకం మొదలుపెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు వెలిశాయి. 2025లో కుప్పం ఆసుపత్రిలో టాటా సంస్థ తోడ్పాటుతో డిజిటల్ నెర్వ్ సెంటర్ ప్రారంభమైంది. పల్లె రోగి వివరాలు ఒకచోట చేర్చి దూరాన ఉన్న వైద్యునికి చూపాలన్నది దాని ఉద్దేశం. యంత్రం ఊళ్లోకి రావడం మంచిదే. ఐతే ఆ యంత్రం ఏ ప్రశ్నకు జవాబు వెదుకుతున్నది? అందులో చేరిన వివరాలకు యజమాని ఎవరు? ఫ్రిమోట్-మొల్లర్ లెక్కలు బులెటిన్‌లో అచ్చై అందరి సొత్తు అయినాయి. నేటి లెక్కలు అలా అవుతాయన్న హామీ ఎవరిస్తారు?

6

ఇక్కడ మన మిత్రుల నుంచే రెండు అభ్యంతరాలు వస్తాయి.

మొదటిది: "జబ్బును ఆపేది పెన్సిలిన్, మంచి ఇల్లు. క్యూబాలోని పినార్ దెల్ రియో రాష్ట్రంలో 1986 నుంచి 1996 వరకు పదేళ్లు శ్రద్ధగా పనిచేసి కీళ్లవాత జ్వరాన్ని బాగా తగ్గించారు. మనం ఆ పని చేయక కంప్యూటర్ కవాటాల గురించి మాట్లాడడం విలాసం కాదా?" ఈ మాటలో సగం నిజం ఉన్నది. మూడు నాలుగు వారాలకొకసారి ఇచ్చే బెంజథీన్ పెన్సిలిన్ సూది జబ్బు తిరగబెట్టకుండా ఆపుతుంది. ఖరీదు స్వల్పం. చవకైన మందులో లాభం తక్కువ కాబట్టే కాబోలు, దాని కొరత అనేక దేశాల్లో కనిపించింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బుపై తీర్మానం చేసింది. తీర్మానం సూది కాదు. కాబట్టి మొదటి డిమాండు పెన్సిలినే. కాని కవాటం ఇప్పటికే పాడైనవాళ్లను ఏం చేద్దాం? రేపటి సమాజంలో ఈ జబ్బు ఉండదని ఈనాటి రోగికి చెప్పి పంపడం, దగ్గుమందు సీసా ఇచ్చి పంపడం కంటే ఏమంత మెరుగు? అత్యున్నతమైన గణితం పేదవాడికి అక్కరలేదనడం పేదవాడి పక్షాన మాట్లాడడం కాదు. అది పెద్దల సొత్తని మనమే ఒప్పుకోవడం.

రెండవది: "శాస్త్రం తటస్థం. మంచి లెక్క అందరికీ మంచిదే. కాలక్రమాన అదే కిందికి దిగివస్తుంది." సమీకరణం తటస్థమే. నేవియర్, స్టోక్స్ రాసినదానిలో ధనికుడు లేడు, పేదవాడు లేడు. కాని సమీకరణంలో వేసే అంకె తటస్థం కాదు. అది ఎవరి శరీరం నుంచో వస్తుంది. ముసలివాడి సున్నపు కవాటానికి వేసిన లెక్క కాలం గడిచినంత మాత్రాన యువతి అతుకుల కవాటానికి సరిపోదు. పై నుంచి కిందికి కారివచ్చే శాస్త్రం కోసం ఎదురుచూస్తే, కారివచ్చేది మన జబ్బుకు మందు కాకపోవచ్చు.

కాబట్టి చేయవలసిన పని స్పష్టమే. వెల్లూరులో, తిరుపతిలో, పుట్టపర్తిలో, బెంగుళూరులో దశాబ్దాలుగా కీళ్లవాత కవాటాలను చూస్తున్న వైద్యులున్నారు. వారి దగ్గర గుండె చిత్రాలున్నాయి. ఆపరేషన్‌లో తీసివేసిన కవాటాలున్నాయి. రోగి అనుమతితో, పేరు బయటపెట్టకుండా, ఆ రెక్కల బిగువు కొలిచి, ఆ చిత్రాలను క్రోడీకరించి, ప్రజల సొత్తుగా ఉంచవచ్చు. మన ఇంజనీరింగు కళాశాలల్లో ఏటా వేలాది విద్యార్థులు ద్రవగతిశాస్త్రం పాఠంలో గొట్టంలో నీటి ప్రవాహాన్ని లెక్కిస్తారు. వారిలో కొందరైనా తమ జిల్లా ఆడపిల్ల గుండెలో రక్తప్రవాహాన్ని ఎందుకు లెక్కించకూడదు? ఆ లెక్క పక్కనే రెండవ లెక్క ఉండాలి: ఈ మూడు ఊళ్ల బడుల్లో ఎందరు పిల్లలకు గొంతునొప్పి వచ్చింది, ఎందరికి సూది అందింది, ఎందరి ఇంట్లో ఎన్ని గదులు. మొదటి లెక్క పాడైన కవాటాన్ని బాగుచేస్తుంది. రెండవ లెక్క కవాటం పాడుకాకుండా చూస్తుంది. రెండవదాన్ని ఎలా తీయాలో ఆరోగ్యవరం 1950లోనే చూపింది.

ఈ పనికి మొదటి మెట్టు ఉపాధ్యాయులు, విద్యార్థులు వేయగలదే. తరగతిలో తరచు గొంతునొప్పితో, కీళ్లనొప్పితో బడి మానే పిల్లవాణ్ణి గుర్తించడానికి కంప్యూటర్ అక్కరలేదు. హాజరు పట్టీ చాలు.